జనం లేనప్పటి సముద్రం

మా అమ్మకి అరవై ఎనిమిదేళ్ళు. పుట్టిల్లు వీరఘట్టం వైపు, అత్తవారిల్లు పాలకొండ దగ్గర పల్లెటూరు. ఇప్పుడవి మన్యం జిల్లాలోకి వెళ్ళాయి గానీ అమ్మ లెక్కలో ఇంకా శ్రీకాకుళం జిల్లాయే. ఇంత పొడవు తీరమున్న జిల్లాలో పుట్టి పెరిగి, ఆవిడ సముద్రానికి వెళ్ళింది మహా అయితే నాలుగైదు సార్లు. ఒక్కసారి తప్ప అన్నీ మాఘ పౌర్ణమికే. ట్రాక్టరు తొట్టిలో ఊళ్ళో ఆడవాళ్ళంతా సర్దుకుని కూర్చోవడం, తెల్లారేసరికి కళింగపట్నమో బందరువానిపేటో చేరడం, తోపులాటలో మూడు మునకలేసి, తడి చీరతోనే మళ్ళీ ట్రాక్టరెక్కడం. "సముద్రం ఎక్కడ కనబడేదే? తలకాయలే కనబడేవి" అంటుంది.

ఆఖరిసారి వెళ్ళింది నాన్న అస్థికలు కలిపిన రోజు. అప్పుడు మాత్రం జనం లేరు. కానీ ఆవిడ మోకాళ్ళు ఇసకలో నడవనివ్వలేదు. అన్నయ్యా, చిన్నాన్నలూ వంశధార సముద్రంలో కలిసే చోటికి నడిచివెళ్ళి, పని పూర్తిచేసుకుని వచ్చారు. అమ్మ రోడ్డు మీద వ్యానులోనే ఉండిపోయింది. నేను పక్కన కూర్చున్నాను. వ్యాను అద్దంలోంచి సరుగుడు చెట్లు తప్ప ఏమీ కనబడలేదు.

మొన్న సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు చిక్కుడుకాయలు ఒలుస్తూ అడిగింది. "జనం లేనప్పుడు ఓసారి తీసికెల్తావేటే? మీ నాన్నని కలిపిన చోటు నాను సూడనేదు."

మేముండేది శ్రీకాకుళంలో. కళింగపట్నం ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదు. అయినా ఆ ప్రయాణానికి నాకు నెల పట్టింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని, నీడ లేని చోటికి, రోజంతా ఉండేలా తీసుకెళ్ళాలంటే ముందు కొన్ని కనుక్కోవాలి. మా వీధికి వారానికోసారి ఉప్పుచేపలు తెచ్చే అప్పని (మా వైపు అక్కని అలా అంటాం) అడిగాను. ఆవిడది ఆ తీరమే. గంప దించి, గుమ్మంలో కూర్చుని, నాకు పాఠం చెప్పినట్టు చెప్పింది. ఆదివారం రావద్దు, కార్తీక మాసం పిక్నిక్కుల్లో రావద్దు. పున్నమికీ అమావాస్యకీ ముసలమ్మని తేవద్దు, పోటు బలంగా ఉంటుంది, నీళ్ళు పైదాకా కొడతాయి. అష్టమి, నవమి చూసుకో, అప్పుడు సముద్రం పెద్దగా పొంగదు, పెద్దగా వెనక్కీ పోదు. తెల్లారకుండా రా, పదింటికల్లా నీడలోకి పో. అన్నిటికన్నా ముఖ్యం, పడవలు లాగే దారిలో దిగు, అక్కడ ఇసక గట్టిపడి ఉంటుంది.

ఈ చివరి మాట విలువ నాకు అక్కడికెళ్ళాక తెలిసింది.

మాఘ బహుళ అష్టమి గురువారం వచ్చింది. పౌర్ణమి స్నానాల జనం వచ్చి వెళ్ళి ఎనిమిది రోజులు. బాబు ఇంటరు రెండో ఏడు, పరీక్షలు దగ్గర పడ్డాయి, అయినా ఒక్కరోజుకి వస్తానన్నాడు. మా ఆయనకి సెలవు దొరకలేదు. సామాను కొంచెం ఎక్కువే పట్టుకున్నాం. పది లీటర్ల మంచినీళ్ళు (తీరంలో నుయ్యి నీరు ఉప్పగా ఉంటుంది, అడిగి తాగేది కాదు), పులిహోర, అమ్మ కోసం చోడంబలి (రాగి అంబలి), మజ్జిగ, ఒక ప్లాస్టిక్ స్టూలు, రెండు పాత నూలు చీరలు, కొబ్బరితాడు, అమ్మ బీపీ మాత్రలు. గొడుగు పట్టుకెళ్ళాను గానీ అది ఎందుకూ పనికిరాలేదు. ఆ గాలికి రెండుసార్లు తిరగబడి ఊచ విరిగింది. మీరు వెళ్తే గొడుగు మానేసి చీర, తాడు పట్టుకెళ్ళండి.

నాలుగున్నరకి ఆటో ఎక్కాం. అరసవల్లి దాటి గార రోడ్డు పట్టేసరికి మంచు. సగం చందమామ నడినెత్తిన ఉంది. బహుళ అష్టమి చంద్రుడు తెల్లవారుజామున అక్కడే ఉంటాడని అమ్మ చెప్పింది, పూర్వం పొలం పనులకి ఆ వెలుగులోనే వెళ్ళేవారట. ఊరు దగ్గర పడుతుంటే చెట్ల మీదుగా దీపస్తంభం వెలుగు ఒకసారి తిరిగి పోయింది. కాసేపటికి మళ్ళీ. అమ్మ ప్రతిసారీ దాని కోసం ఎదురుచూసి, వచ్చినప్పుడల్లా "అదిగో" అంది.

పడవలు నిలిపిన చోట దిగాం. రోజూ పడవల్ని లాగీ లాగీ ఇసక నలిగి, దారిలా అణిగి ఉంది. పక్కన అడుగు వేస్తే పాదం మునిగిపోతోంది. ఆ దారిలో అమ్మ నా భుజం పట్టుకుని, చెప్పులు బాబు చేతికిచ్చి, ఎక్కడా ఆగకుండా నడిచింది. తడి ఇసక దగ్గరికి వచ్చాక నా భుజం కూడా వదిలేసింది. కెరటం తడిపి వెళ్ళిన మేర నేల సిమెంటు గచ్చులా గట్టిగా ఉంటుంది. ఇంట్లో బాత్రూముకి గోడ పట్టుకుని వెళ్ళే మనిషి అక్కడ నలభై అడుగులు ఒంటరిగా వేసింది. నేను లెక్కపెట్టాను.

స్టూలు వేస్తే కాళ్ళు ఇసకలోకి దిగబడిపోయాయి. వల బాగుచేసుకుంటున్న ఒకాయన, అరవై దాటి ఉంటాయి, లేచొచ్చి విరిగిన పడవ చెక్క ఒకటి తెచ్చి స్టూలు కింద వేశాడు. "ఇప్పుడు కూకో మామ్మా" అన్నాడు. ఆయన కంటే మా అమ్మ పెద్దదేమీ కాదు. అమ్మ నవ్వి కూర్చుంది.

సూర్యోదయం గురించి ఎక్కువ రాయను, ఫొటోల్లో అందరూ చూసిందే. నేను చూసింది అమ్మని. ముందు పెదవులు కదిపి ఏదో చదువుకుంది, దణ్ణం పెట్టుకుంది. ఆ తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. కూర తరగడం లేదు, టీవీ లేదు, బియ్యంలో రాళ్ళు ఏరడం లేదు. మా అమ్మ చేతులు అంతసేపు ఖాళీగా ఉండడం నేను నా జన్మలో చూళ్ళేదు.

ఏడున్నర ప్రాంతంలో కాస్త అవతల అలివి వల లాగడం మొదలైంది. చిన్నప్పుడు ఒకసారి దూరం నుంచి చూశాను గానీ ఇంత దగ్గరగా కాదు. పడవలో వలని లోపలికి తీసుకెళ్ళి, అర్ధచంద్రంలా విడిచి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకి తెస్తారు. ఒక్కో తాడుకీ పది, పన్నెండు మంది. మడమలు ఇసకలో గుచ్చి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి లాగుతారు. చివర ఉన్న మనిషి లాగిన తాడుని గుండ్రంగా చుట్ట పెట్టుకుంటూ, చుట్ట పెరిగాక పరుగున మళ్ళీ నీటి అంచుకి వెళ్ళి ముందు పట్టు పడతాడు. ఒక అబ్బాయి అరచేతికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకున్నాడు. ఆ ట్యూబు కింద నుంచి కనబడిన చర్మం తెల్లగా నానిపోయి, తాడు పీచు గీతలతో ఉంది. రెండు జట్లూ లాగుతూ లాగుతూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. గంటన్నర పట్టింది. మా బాబు కూడా తాడు పట్టుకున్నాడు, వాళ్ళు వద్దనలేదు.

వల చివరి సంచి ఒడ్డెక్కేసరికి ఆడవాళ్ళు గంపలతో చేరారు. నెత్తళ్ళు, కవ్వళ్ళు, నాలుగైదు పీతలు, మిగతాదంతా గాజులా మెరిసే జెల్లీ చేపలు. రెండు గంపలు నిండలేదు. ఇరవై నాలుగు మంది కష్టం అది. ఎవరూ పెద్దగా మాట్లాడుకోకుండానే వాటాలు వేసుకున్నారు. బాబుకి కూడా గుప్పెడు నెత్తళ్ళు ఇవ్వబోయారు, తాడు పట్టినవాడికి వాటా ఉంటుందట. వాడు సిగ్గుపడి తీసుకోలేదు. తీసుకోవలసింది అని అమ్మ తర్వాత వాణ్ణి మందలించింది. పనిలో పాలు ఇస్తే కాదనకూడదంది. అమ్మ మాటే నిజమనిపించింది నాకు.

ఎండ చురుక్కుమనకముందే అసలు పని మీద బయల్దేరాం. అన్నయ్యకి ఫోన్ చేసి ఆనవాళ్ళు అడిగాను. "పడవల దగ్గర్నుంచి ఎడమకి తిరిగి ఒడ్డమ్మటే వెళ్తే ఇసకతిప్ప వస్తుంది, దాని కొస దగ్గర ఏరు కలుస్తుంది, అక్కడే" అన్నాడు. పడవ చెక్క తెచ్చిన పెద్దాయన మేం అటు కదలడం చూసి, వల పక్కన పడేసి వెనకే వచ్చాడు.

"అటెల్లకండమ్మా. అది మొగ. పైకి సదునుగా కనిపిస్తాది. అడుగున లాగేస్తాది."

మొగ అంటే ఏరు సముద్రంలో పడే చోటు. ఆయన చెప్పేదాకా నాకు అది రేవులా ప్రశాంతంగా కనబడింది. అక్కడ కెరటాలు కూడా విరగడం లేదు, చూస్తే పిల్లలు దిగడానికి ఇదే మంచి చోటు అనిపిస్తుంది. ఇసకలో వేలితో గీసి చూపించాడు. పోటు తీసేటప్పుడు ఏట్లో నిండిన నీరంతా ఆ సన్నటి దారిలోంచే బయటికి పోవాలి. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ, కాలి కింద ఇసక కూడా నీటితోపాటే జారిపోతుంది. మామూలు ఒడ్డున కూడా కెరటాలు విరగకుండా సందులా కనబడే చోట దిగవద్దన్నాడు. కొట్టిన నీరు వెనక్కి పోయేది ఆ సందులోంచే. ఒకవేళ లాగితే ఒడ్డుకి ఎదురీదకూడదు, ఒడ్డమ్మటే పక్కకి ఈదాలి, ఆ లాగుడు దాటాక కెరటమే తెచ్చి పడేస్తుంది. ఆదివారాలు వచ్చే కాలేజీ పిల్లలు ఈ మాట వినరని ఆయన బాధ. జనం లేని తీరంలో ఒకరికి ఆపదొస్తే చూసేవాళ్ళు కూడా ఉండరు. నా కొడుకు వయసు పిల్లలున్న ప్రతి తల్లికీ ఈ ముక్క చెప్పాలనే నేనిది రాయడం మొదలుపెట్టాను.

అమ్మ ఆయన్ని అడిగింది. "బావూ, నిరుడు ఆశ్వయుజంలో మా ఇంటాయన్ని కలిపింది ఇక్కడేనా?"

ఆయన కాసేపు తిప్ప వైపు చూశాడు. నిరుడు మొగ ఇక్కడ లేదు తల్లీ, అన్నాడు. వరదలొచ్చినప్పుడు ఏరు తిప్పని తెంపుకుని ఎక్కడ దారి దొరికితే అక్కడ పడుతుంది. తర్వాత సముద్రం ఇసక తెచ్చి ఆ దారి పూడుస్తుంది. అప్పుడు మీవాళ్ళు నిలబడిన చోట ఇప్పుడు నీళ్ళున్నాయి, నీళ్ళున్న చోట ఇసక పడింది. వేలెత్తి చూపించాడు, సుమారుగా అక్కడ. ఆ చూపించిన చోట ఇసక మీద బాలబంధి తీగ అప్పుడే అల్లుకుంటోంది. ఒక ఎర్ర పీత బొరియలోంచి వచ్చి, మమ్మల్ని చూసి మళ్ళీ దూరింది.

నాకు గుండె కలుక్కుమంది. ఇంత దూరం తీసుకొచ్చి ఆ చోటే లేదని చెప్పించినట్టయింది. అమ్మ మాత్రం నేను అనుకున్నట్టు ఏమీ కాలేదు. "ఎక్కడో ఒడిశా కొండల్లో పుట్టిన ఏరట, ఇంత దూరం వచ్చి, ఒక్క చోట కూకుంటాదేటి" అంది. మజ్జిగ గ్లాసుతో సముద్రపు నీళ్ళు ముంచి, ఆ తీగ మొదట్లో పోసింది. ఉప్పునీళ్ళు పోస్తే తీగ చచ్చిపోతుందని బాబు గాభరా పడ్డాడు. ఇసకలో పెరిగే తీగ, దానికి ఉప్పు కొత్తేమీ కాదని పెద్దాయన చెప్పాడు.

తిరిగి వస్తుంటే ఒడ్డున చచ్చిన తాబేలు. ఆలివ్ రిడ్లే. డిప్ప మీద పచ్చ నాచు, కళ్ళ దగ్గర ఈగలు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ తీరానికి అవి రాత్రిళ్ళు వచ్చి, ఇసకలో గొయ్యి తవ్వి, వంద పైచిలుకు గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. నలభై ఐదు నుంచి అరవై రోజులకి పిల్లలు వస్తాయి. ఇసక వేడిని బట్టి ఆడదో మగదో తేలుతుందని బాబు చెప్పాడు, జువాలజీలో ఉందట. చేపలాగా నీటిలో ఊపిరి తీసుకునే జీవి కాదు, గాలి కోసం పైకి రావాలి. పెద్ద బోట్లు ఈడ్చుకెళ్ళే వలలో చిక్కితే పైకి రాలేక చచ్చిపోతుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర బోట్ల వేట ఆపేస్తారు. కానీ ఇవి ఒడ్డుకి రావడం మొదలయ్యేది దానికి మూడు నెలల ముందు. అమ్మ దాని దగ్గర చాలాసేపు నిలబడింది. "కూర్మనాథుడు" అంది అంతే. సాయంత్రం శ్రీకూర్మం వెళ్దామని అప్పుడే నిర్ణయమైపోయింది.

పది దాటాక సరుగుడు తోటలోకి మారాం. తుపాను గాలులకి అడ్డంగా తీరం పొడవునా వీటిని పెంచారు. రెండు చెట్లకి తాడు కట్టి చీర పరిచి, ఇంకో చీర కింద వేసుకున్నాం. సరుగుడు ఆకు సన్నగా సూదుల్లా రాలి, పరుపులా మెత్తగా ఉంటుంది గానీ చీమలు ఉంటాయి, చూసుకుని పరుచుకోవాలి. పొద్దున నేల మీంచి సముద్రం వైపు వీచిన గాలి పదకొండయ్యేసరికి తిరిగి సముద్రం మీంచి వీచసాగింది. ఎండకి నేల త్వరగా కాలుతుంది, నీరు కాలదు, అందుకే. తెరచాప పడవల రోజుల్లో చీకటితో ఆ గాలికి వెళ్ళి, మధ్యాహ్నం ఈ గాలికి తిరిగొచ్చేవారట.

ఆడవాళ్ళకి అక్కడ ఒక ఇబ్బంది ఉంది, చెప్పకుండా వదిలేయలేను. మేమున్న చోటికి దగ్గరలో మరుగుదొడ్డి లేదు. మగవాళ్ళకి ఇది గుర్తుకు రాదు. అమ్మ పొద్దుటి నుంచి అందుకే నీళ్ళు తాగడం లేదని నాకు ఆలస్యంగా తెలిసింది. బీపీ మాత్ర వేసుకునే మనిషి. గంపతో వెళ్తున్న ఒకావిడని అడిగితే, "దానికేటమ్మా, రండి" అని వాళ్ళింటికి తీసుకెళ్ళింది. బకెట్టు నీళ్ళు కూడా తనే పెట్టింది. వాళ్ళకి ఆ నీళ్ళు ఎంత దూరం నుంచి మోసినవో నాకు తెలీదు. మీరు పెద్దవాళ్ళతో వెళ్తే ముందు ఈ ఏర్పాటు చూసుకుని తర్వాత చోటు ఎంచుకోండి.

భోజనాలయ్యాక బాబు అడిగాడు, "అమ్మా, ఓడరేవు ఎక్కడ?" మాకందరికీ ఆ మాట రేడియోలో విన్నదే. తుపాను వస్తే చాలు, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం ఓడరేవుల్లో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక అని వార్తల్లో చదివేవారు. వాడికి ఓడలూ క్రేన్లూ ఉంటాయని ఊహ. ఓడలు దూరంగా లంగరు వేసి, పడవల మీద సరుకు చేరవేసిన పాత రేవు ఇది. ఆ వ్యాపారం ఎప్పుడో పోయింది, పేరు మిగిలింది. హెచ్చరికలు మాత్రం నిజం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరినీ జీడినీ కూల్చేసింది. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ ఈ కళింగపట్నానికి కాస్త ఉత్తరంగానే తీరం దాటింది. మేం చీర కట్టిన చెట్ల మొదళ్ళు ఒకే వైపు ఒరిగి ఉన్నాయి.

ఏటికి ఎగువన శాలిహుండం కొండ ఉంది. బౌద్ధ స్తూపాలున్న చోటు, గిడుగు రామమూర్తి పంతులు గారు 1919లో వెలుగులోకి తెచ్చారు. ఆ పేరు శాలివాటిక నుంచి వచ్చిందని కొందరు, శల్యపేటిక నుంచి వచ్చిందని కొందరు అంటారు. ఒకటి వడ్ల కొట్టు, ఒకటి ఎముకల పెట్టె. బాబు ఇది చెప్పి, చెప్పాక అమ్మమ్మ ముందు ఎముకల మాట ఎత్తానే అని నాలుక కరుచుకున్నాడు. అమ్మ మాత్రం, "రెండూ ఒకే ఏటి గట్టు మీదే కదా నాయనా" అని పక్కకి తిరిగి పడుకుంది. నిమిషంలో నిద్రపోయింది. నాన్న పోయాక పగలు నిద్రపోవడం మానేసిన మనిషి, రెండు గంటలు కదలకుండా పడుకుంది. నేను చీమలు తోలుతూ కూర్చున్నాను.

మూడింటికి రమ్మన్న ఆటో నాలుగున్నరకి వచ్చింది. తిరుగు ప్రయాణం మాట్లాడుకునేటప్పుడు ఫోన్ నంబరు తీసుకోవడంతోపాటు బస్సు వేళ కూడా కనుక్కుని ఉంచుకోవడం మంచిది. పెద్దాయనకి చెక్క తిరిగి ఇచ్చేశాం. ఒట్టి చేతులతో ఎలా అని మిగిలిన పులిహోర డబ్బా ఇస్తే తీసుకుని, గిన్నె కడిగి, అందులో నాలుగు నెత్తళ్ళు వేసి ఇచ్చాడు. ఈసారి బాబు రెండు చేతులా అందుకున్నాడు.

శ్రీకూర్మంలో స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. నెత్తళ్ళ డబ్బా ఆటోలోనే ఉంచి గుళ్ళోకి వెళ్ళాం. ఆవరణలో పెంచే నక్షత్ర తాబేళ్ళకి బయట ఆకుకూర కట్ట కొని పెట్టింది అమ్మ. ఒకటి మెడ చాచి కాడ కొరుకుతుంటే, అది మొత్తం తినేదాకా కదల్లేదు.

ఇంటికొచ్చి స్నానం చేసి, నేను వంటింట్లో నెత్తళ్ళు బాగుచేస్తుంటే అమ్మ గోడ మీద క్యాలెండరు దించి, కళ్ళజోడు పెట్టుకుని, పేజీ తిప్పింది. "ఇదిగో చూడవే, వచ్చే నెల అష్టమి ఏ వారం పడింది?"